లేవడం తేలిక, దిగడం మెల్లగా

డ్రాగ్ రేసులో కారు సాధారణంగా పరుగెత్తేది 402 మీటర్లు, అంటే పావు మైలు. మలుపులు లేవు, గతుకులు లేవు, బ్రేకు తొక్కాల్సింది కూడా గీత దాటాకే. ఇలాంటి చదునైన దారిలో షాకబ్జార్బర్లకు పనేముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఇంటి గ్యారేజీలో, జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో పాత మస్టాంగ్‌నో కమారోనో రేసుకు తయారుచేసుకునే అమెరికా కుర్రాడు ఇంజిన్ తర్వాత ఎక్కువగా ఆలోచించేది వీటి గురించే. ఎందుకంటే గెలుపోటములు చాలావరకు మొదటి 60 అడుగుల్లోనే తేలిపోతాయి. ఆ 18 మీటర్లలో పదోవంతు సెకను మిగిలితే, చివరి గీత దగ్గర అది దాదాపు ఒకటిన్నర రెట్లవుతుందని రేసర్ల లెక్క. ఆ పదోవంతును తెచ్చిపెట్టే పరికరాల్లో చవకైనది షాకబ్జార్బరే. అయితే ఏది కొనాలో తెలియాలంటే అది పుట్టిన తీరు తెలియాలి.

గతుకు దెబ్బను తట్టుకునేది స్ప్రింగు. కానీ అది తిన్న దెబ్బను దాచుకుని, మరుక్షణం తిరిగి ఇచ్చేస్తుంది. ఆపేవాడు లేకపోతే కారు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగులాటను పట్టి, దాని శక్తిని వేడిగా మార్చి గాలిలో కలిపేయడమే షాకబ్జార్బర్ పని. 19వ శతాబ్దం ముగిసే రోజుల్లో ఫ్రాన్సుకు చెందిన ట్రూఫో ఈ పనికి రాపిడిని వాడాడు. కత్తెరలా తెరుచుకుని మూసుకునే రెండు చేతుల మధ్య బిళ్లలు పెట్టి, బోల్టుతో బిగించాడు. చేతులు కదిలినప్పుడల్లా బిళ్లలు ఒరుసుకుంటాయి. అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ దీన్ని తీసుకుని కార్లకు అమ్మాడు.

రాపిడితో ఒక చిక్కుంది. ఆగి ఉన్న బిళ్లను కదిలించడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక తక్కువ చాలు. అందుకే చిన్న గతుకు వస్తే ఆ పరికరం బిగుసుకుపోయేది, పెద్దది వస్తే లొంగిపోయేది. కావాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు. ఆ గుణం నూనెలో దొరికింది. ఇరుకు రంధ్రంలోంచి నూనెను మెల్లగా నెడితే తేలిగ్గా పోతుంది, జోరుగా నెడితే మొరాయిస్తుంది. ఫ్రాన్సులోనే మారిస్ ఊడాయ్ ఈ సూత్రంతో చేసిన షాకబ్జార్బర్ల వారసులే 1927 డిసెంబరులో ఫోర్డ్ విడుదల చేసిన మోడల్ ఎ కారుకు వచ్చాయి. లక్షల మంది సామాన్యుల చేతికి నూనె షాకులు అందింది ఆ కారుతోనే. 1930లలో గొట్టంలో గొట్టంలా జారే రకం వచ్చింది. ఇవాళ మన బండ్ల కింద ఉన్నది ఎక్కువగా అదే.

ఆ గొట్టం లోపల పిస్టన్ ఉంటుంది, పిస్టన్‌కు రంధ్రాలు ఉంటాయి. సాదా రంధ్రమైతే వేగం రెట్టింపైనప్పుడు ఎదురుబలం నాలుగింతలవుతుంది. అంత మొండితనం పనికిరాదు కాబట్టి రంధ్రాల మీద పలుచని ఉక్కు రేకులు పేర్చారు. ఒత్తిడి పెరిగితే రేకులు వంగి నూనెకు దారి వదులుతాయి. పిస్టన్‌కు పైన ఒక దొంతర, కింద ఒక దొంతర. రెండూ ఒకేలా ఉండాలన్న నియమం లేదు. సాగేటప్పుడు ఒక బలంతో, కుంగేటప్పుడు మరో బలంతో ఎదిరించేలా చేయొచ్చు. నా దృష్టిలో ఈ పరికరం జీవితంలో అతి గొప్ప మలుపు ఇదే. డ్రాగ్ రేసర్లు పట్టుకున్నది కూడా దీన్నే.

1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాశ్రయం రన్‌వే మీద సి.జె. హార్ట్, మిత్రులు కలిసి డ్రాగ్ రేసులు మొదలుపెట్టారు. మరుసటేడు వాలీ పార్క్స్ ఈ రేసులను నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) సంస్థను స్థాపించాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చవగ్గా దొరికిన పాత కార్లు, వాటిలో పెద్ద ఇంజిన్లు, కింద అప్పటి నాసి టైర్లు. శక్తికి కొదవ లేదు, ఆ శక్తి నేలకు దిగడమే కష్టం. వెనక చక్రాలు తిరిగి పొగ కక్కేవి గాని కారు కదిలేది కాదు. టైరు పట్టు పెరగాలంటే దాని మీద బరువు పెరగాలి. కారు ముందుకు దూకినప్పుడు కొంత బరువు ముందు చక్రాల మీంచి వెనక్కి మారుతుంది. ఎంత మారుతుందో చెప్పే లెక్క సులువైనదే: కారు బరువును త్వరణంతోనూ, గరిమనాభి ఎత్తుతోనూ గుణించి, ముందు వెనక చక్రాల మధ్య దూరంతో భాగించాలి. 1500 కిలోల కారు, గరిమనాభి అర మీటరు ఎత్తు, చక్రాల మధ్య 2.75 మీటర్లు, త్వరణం ఒక జి (గురుత్వ త్వరణమంత) అనుకుంటే దాదాపు 270 కిలోలు వెనక్కి మారతాయి. క్రైస్లర్ ఇంజనీర్ల బృందం రామ్‌చార్జర్స్ ఈ లెక్కను చివరిదాకా లాగింది. 1949 నాటి ప్లిమత్ కూపేను చక్రాల మీద నిక్కబొడిచినట్టు పైకెత్తి, హై అండ్ మైటీ అని పేరు పెట్టి 1959లో రేసుకు దింపింది. చూడటానికి వింతగా ఉన్నా వాళ్లు చేసింది గరిమనాభి ఎత్తు పెంచడమే.

ఈ లెక్కలో షాకబ్జార్బర్ ఎక్కడా లేదు. కొనేవాళ్లు మొదట గుర్తుంచుకోవాల్సింది ఇదే. వెనక్కి మారే బరువుకు ఏ షాకూ చెప్పుకోదగ్గంత కలపలేదు. అది చేసేదల్లా ఆ బరువు ఎంత త్వరగా వెళ్లాలో, వెళ్లాక అక్కడ కుదురుగా నిలవాలో ఊగిసలాడాలో తేల్చడం. దాని సరుకంతా సమయమే. కానీ మొదటి 18 మీటర్లు దాదాపు రెండు సెకన్లలో అయిపోతున్నప్పుడు ఆ సమయమే పందెం.

ముందు భాగం సంగతి చూద్దాం. కారు ముక్కు చటుక్కున లేవాలి, లేచాక వెంటనే పడిపోకూడదు. గేరు మార్చేటప్పుడు క్షణంపాటు ఇంజిన్ తోపు ఆగుతుంది, ముక్కు కిందికి దిగుతుంది, వెనక టైరు మీద బరువు తగ్గుతుంది. మళ్లీ తోపు తగలగానే చక్రం జారుతుంది. దీనికి విరుగుడుగా వచ్చిందే 90/10 షాకు. దాని మొత్తం ఎదురుబలంలో 90 వంతులు కుంగేటప్పుడు, 10 వంతులు సాగేటప్పుడు పనిచేస్తాయి. ఆఫీసు తలుపుకు పైన బిగించే డోర్ క్లోజర్ లాంటిది: ఒకవైపు చేతితో తోస్తే చాలు, మరోవైపు తన తీరికన వస్తుంది. ఇది కొనలేనివాళ్లు ముందువైపు అరిగిపోయిన షాకులు, ఆరు సిలిండర్ల మోడల్ మెత్తటి స్ప్రింగులు వేసేవాళ్లు. స్ప్రింగుల చిట్కా మంచిదే, నేటికీ పనికొస్తుంది. అరిగిన షాకు మాత్రం ముక్కును ఎంత త్వరగా లేపుతుందో అంత త్వరగానూ దించేస్తుంది. సగం పనే అయినట్టు.

వెనక భాగం అంత తేలిగ్గా తేలదు. కొన్ని కార్లలో వెనక భాగం కుంగుతుంది. వెనక ఇరుసును బాడీకి కలిపే లాడర్ బార్లు, ఫోర్ లింక్ వంటివి బిగించిన కార్లలో బాడీ ఇరుసు నుంచి పైకి లేచి, టైరును నేలకేసి నొక్కుతుంది. ఆ నొక్కుడు మొదట మేలే చేస్తుంది. కానీ బాడీ మరీ జోరుగా లేస్తే దెబ్బ తగిలిన టైరు ఎగిరి, మరుక్షణం పట్టు వదిలేస్తుంది. అలాంటి కారుకు సాగేటప్పుడు గట్టిగా ఎదిరించే షాకు కావాలి. మీ కారు ఏ రకమో ఊహించనక్కర్లేదు. ఫోన్‌ను పక్కన నేల ఎత్తులో పెట్టి, కారు బయల్దేరే క్షణాన్ని స్లో మోషన్‌లో తీసి చూస్తే తెలుస్తుంది.

డబ్బు తక్కువున్నవాడికి నేను చెప్పే మాట: నాబ్ తిప్పి గట్టిదనం మార్చగలిగే షాకులు ఒక్క జతకే స్తోమతుంటే వాటిని వెనక వేయండి, ముందు మామూలు 90/10 చాలు. ముందు ఎలా ఉండాలో మనకు ముందే తెలుసు, వెనక ఎలా ఉండాలో ట్రాక్ మీదే తెలుస్తుంది. సింగిల్ అడ్జస్టబుల్ అని అమ్మేవాటిలో కొన్నింటి నాబ్ సాగే వైపును మాత్రమే మారుస్తుంది, కొన్నింటిది రెండు వైపులనూ కలిపి మారుస్తుంది. ఏ రకమో అడగకుండా డబ్బు కట్టొద్దు. రెండు వైపులూ విడివిడిగా మార్చే డబుల్ అడ్జస్టబుల్ రకం మేలైనదే. కాకపోతే ప్రతి పరుగునూ రాసుకుని పోల్చే ఓపిక లేనివాడికి అది రెండో నాబ్ కాదు, రెండో అయోమయం.

ఒక ఖర్చు మాత్రం నిశ్చింతగా మానుకోవచ్చు. ఫ్రెంచి శాస్త్రవేత్త క్రిస్టియాన్ బూర్సియే ద కార్బోన్ ఆలోచనతో 1950లలో బిల్‌స్టైన్ సంస్థ ఒకే గొట్టం షాకుల్ని మెర్సిడెస్ కార్లకు అందించింది. వాటిలో నూనెను ఒత్తిడితో నిండిన వాయువు నొక్కి ఉంచుతుంది కాబట్టి గంటల తరబడి గతుకుల్లో పోయినా నూనె నురగెత్తదు. ర్యాలీ కారుకు అది వరమే. కానీ పది పన్నెండు సెకన్ల డ్రాగ్ పరుగులో షాకు వేడెక్కడానికే సమయం లేదు. పైగా ఆ వాయువు రాడ్‌ను ఎప్పుడూ బయటికి తోస్తూ, స్ప్రింగుకు కొంత గట్టిదనం కలుపుతుంది.

కొనే ముందు షాకు పొడవు తప్పక కొలవాలి. కారు నిలిచి ఉన్నప్పుడు ముందు షాకు ఇంకా ఎంత సాగగలదో చూడండి. తక్కువుంటే ముక్కు లేస్తూ లేస్తూ చివర ఠక్కున ఆగుతుంది. ఆ కుదుపుకు ముక్కు కిందికి తిరుగుతుంది, పెట్టిన డబ్బంతా అక్కడే పోతుంది. షాకు రాడ్‌కు సన్నటి ప్లాస్టిక్ టై చుట్టి ఒక పరుగు తీస్తే, కుంగినప్పుడు ఎక్కడిదాకా వెళ్లిందో టై జరిగిన చోటే చూపిస్తుంది. చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్‌ల బుష్‌లు బిగుసుకుపోయి ఉంటే ఏ షాకూ ఏమీ చేయలేదు. వాటిని ముందు మార్చండి.

రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకే 90/10 వేసుకోవాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. గతుకుల రోడ్డు మీద ముందు చక్రం సులువుగా కిందికి జారుతుంది, తిరిగి పైకి రావడానికి మొండికేస్తుంది. కారు ముక్కు క్రమంగా లేచి ఉండిపోతుంది, స్టీరింగ్ తేలిపోతుంది, ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. వారాంతంలో రేసుకు, మిగతా రోజుల్లో రోడ్డుకు ఒకే కారు వాడేవాళ్లు ముందు కూడా నాబ్ ఉన్న రకమే కొనాలి. ట్రాక్‌కు చేరాక సాగే వైపు వదులు చేసుకుని, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ బిగించుకోవాలి.