ఊరి పేరుతో వెబ్‌సైటు

పెదకాకాని పేరుతో వెబ్‌సైటు పెట్టాలంటే మొదటి చిక్కు స్పెల్లింగు దగ్గరే. ఇంగ్లిషులో ‘పెద’కు ఒక ‘డి’ రాసేవారున్నారు, రెండు రాసేవారూ ఉన్నారు. వీలైతే రెండు రూపాలూ కొని, ఒకదాన్ని రెండోదానికి మళ్లించడం మేలు. 63 అక్షరాల దాకా అనుమతి ఉన్నా, ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివారు తప్పులేకుండా రాసుకోగల పేరే పనికొస్తుంది. హైఫన్లు, అంకెలు ఇక్కడే దెబ్బతీస్తాయి.

పేరు చివర తగిలించే తోక సంగతీ చూడాలి. నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా) నిర్వహించే డాట్ ఇన్ 2005 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. డాట్ ఏసీ డాట్ ఇన్ మాత్రం విద్యాసంస్థలకే. పక్కనే ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం చిరునామా ఆ కోవదే. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది. చూడముచ్చటైనదే గానీ, కొన్ని ఈమెయిల్ సేవలకు అది ఇంకా మింగుడుపడదు. ఊళ్లో వ్యాపారం చేసేవారు దాన్ని రెండో చిరునామాగా ఉంచుకోవడమే క్షేమం.

కొనడమంటారు గానీ, నిజానికి ఇది అద్దె: ఏడాది నుంచి పదేళ్ల దాకా. తొలి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర ఎంతో అడగాలి. రిజిస్ట్రేషన్ వెబ్‌సైటు తయారుచేసే కుర్రాడి పేరిట కాక, యజమాని పేరిట, యజమాని ఈమెయిల్‌తోనే ఉండాలి. గడువు దాటితే సాధారణంగా కొన్నాళ్లు, అదనపు రుసుముతో, తిరిగి పొందే వీలుంటుంది. ఆ తర్వాత ఆ పేరును ఎవరైనా తీసుకోవచ్చు.