పుదుచ్చేరి ఇసుక, ఢిల్లీ పద్దులు

పార్లమెంటులో కొన్ని ప్రశ్నలు ఋతువులవలె వచ్చిపోతుంటవి. సముద్రతీరపు కోతను గురించిన ప్రశ్న వాటిలో ఒకటి. కేరళ సభ్యుడో, ఒడిశా సభ్యుడో, మన కోస్తా జిల్లాల సభ్యుడో అడుగుతాడు. పృథ్వీ విజ్ఞాన శాఖామాత్యులు ఒక పట్టికను సభ ముందుంచుతారు. అనుబంధ ప్రశ్నలు రెండు మూడు పడేసరికి సభాపతి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధనా కేంద్రం 1990 నుండి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి తయారుచేసిన పట్టిక అది. దాని ప్రకారం దేశ ప్రధాన భూభాగపు తీరంలో 33.6 శాతం కోతకు గురి అవుతున్నది. 60.5 శాతంతో పశ్చిమ బెంగాలు అగ్రస్థానంలో ఉన్నది. కేరళకు 46.4, తమిళనాడుకు 42.7, ఆంధ్రప్రదేశ్‌కు 28.7.

బెంగాలుకు, కేరళకు మధ్య ఉన్న పేరు మీద సాధారణంగా ఎవరి చూపూ నిలవదు. అది పుదుచ్చేరి. దాని అంకె 56.2 శాతం. మొత్తం తీరమే 42 కిలోమీటర్లకు లోపు కదా, అందులో సగం పోతే మాత్రమేమి అని ఢిల్లీ అనుకొంటే ఆశ్చర్యపడవలసిన పని లేదు. లోక్‌సభలో ఒక్క సభ్యుడు, రాజ్యసభలో ఒక్క సభ్యుడు గల ప్రాంతమది. రాజధానిలో కిలోమీటర్లకంటె వోట్లు బరువైనవి.

అయినప్పటికీ ఈ వారం పుదుచ్చేరిని గురించి వ్రాయడానికి కారణాలున్నవి. సముద్రమట్టం పెరుగుదల, తుపానుల తీవ్రత, ఉష్ణోగ్రతలు అంటూ అంతర్జాతీయ వేదికల మీద జరిగే చర్చ సామాన్యునికి అందనంత ఎత్తున నడుస్తుంటుంది. పుదుచ్చేరిలో అదే సమస్య చేతికి తగిలేటట్లు ఉన్నది. జబ్బు ఏమిటో తెలుసు. మందు ఏమిటో కూడా తెలుసు. ఆ మందును కొంతవరకు వాడి చూశారు, గుణం కనిపించింది. తరువాత ఏమైనదన్నదే కథ. అదీగాక, యానాం మూలాన ఆ కేంద్రపాలిత ప్రాంతంలో మన భాషకు ఒక వాటా ఉన్నది.

పాండిచ్చేరి అన్న పేరు మన నోట బాగా నలిగినది. 2006లో చట్టరీత్యా అది పుదుచ్చేరి అయినది. ఫ్రెంచివారి కాలపు వీధులు, విగ్రహాలు, ఆ వీధులకు తూర్పు అంచుగా సాగే గూబేర్ అవెన్యూ యాత్రికులకు పరిచితమే. సాయంత్రం ఆ రోడ్డు మీద వాహనాలు ఆపివేస్తారు. జనం నడుస్తారు, గాంధీ విగ్రహం వద్ద కూర్చుంటారు. అయితే చాలా సంవత్సరాలు వారు చూచినది సముద్రపు ఒడ్డు కాదు, సముద్రంలోకి దొర్లించిన నల్లరాళ్ల గుట్ట. పట్టణంలోని పెద్దవారిని అడిగితే, అదే స్థలంలో ఇసుకలో ఆడుకొన్నామని, పడవలు ఆరబెట్టిన చోటు ఇదేనని చెబుతారు.

ఆ ఇసుక ఏమైనది? తూర్పుతీరం పొడవునా సముద్రంలో ఒక ఇసుక నది పారుతున్నదనుకోవలె. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఆగ్నేయం నుండి వచ్చి తీరాన్ని ఏటవాలుగా తాకుతవి, తాకినప్పుడల్లా ఇసుకను ఉత్తరానికి జరుపుతవి. ఈశాన్య రుతుపవనం వచ్చినప్పుడు కొంత తిరిగి దక్షిణానికి వస్తుంది. జమాఖర్చులు వేసుకొంటే ప్రతి యేడూ కొన్ని లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరదిశగా పోతుంది. కూలి అడగకుండా సముద్రం చేసే ఈ చాకిరీ మీదనే మన తీరాలన్నీ నిలిచి ఉన్నవి.

పట్టణానికి దక్షిణంగా అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోట 1989లో ఓడరేవు కోసం రెండు బ్రేక్‌వాటర్లు కట్టారు. ఇసుక నదికి అడ్డుకట్ట పడింది. కట్టకు దక్షిణాన ఇసుక మేట వేసింది. ఉత్తరాన సముద్రం తన దారిన ఇసుకను పట్టుకుపోతూనే ఉన్నది గాని, దాని స్థానంలోకి దక్షిణం నుండి రావలసినది రాలేదు. ఇంజనీర్లకు ఈ సంగతి తెలియక కాదు. దక్షిణాన ఆగిన ఇసుకను యంత్రాలతో తోడి ఉత్తరానికి చేరవేయాలన్నది ఆ రేవు పథకంలోనే ఉన్నది. ఆ పని కొన్నాళ్లు సాగి ఆగిపోయింది. రేవు మిగిలింది, రేవుకు వేసిన షరతు మిగలలేదు.

నిజానికి ఈ పాఠం వంద సంవత్సరాలకంటె పాతది. 1876లో మద్రాసు రేవు కట్టడం మొదలుపెట్టిన తరువాత దక్షిణాన ఇసుక పెరిగి మెరీనా అంత విశాలమైనది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఊళ్లలోకి వచ్చింది. మెరీనాను మెచ్చుకొన్నవారిలో రాయపురం మాట తలచినవారు తక్కువ.

పుదుచ్చేరిలో ఇసుక పోయిన తరువాత రోడ్డును కాపాడడానికి రాళ్లు వేశారు. రాతిగోడకు ఒక స్వభావమున్నది. ఇసుక ఒడ్డు అలను తనలో ఇముడ్చుకొని నీరసింపజేస్తుంది, గోడ అలను తిప్పికొడుతుంది. తిరిగిన అల గోడ పాదం వద్ద ఇసుకను తవ్వుకొని పోతుంది. నీరు లోతెక్కుతుంది, రాళ్లు జారుతవి, మళ్లీ రాళ్లు వేయవలె. గోడ చివర ఎక్కడ ఆగిందో అక్కడి నుండి కోత కొత్తగా మొదలవుతుంది. ఆ విధంగా కోత వైత్తికుప్పం, కురుచ్చికుప్పం వంటి మత్స్యకారుల పేటల మీదుగా ఉత్తరానికి నడిచి, రాష్ట్రపు సరిహద్దు కూడా దాటి తమిళనాడులోని కోటకుప్పం, తంతిరాయన్‌కుప్పం చేరుకొన్నది.

ఇక్కడ భూగోళం ఒక చమత్కారం చేసింది. పుదుచ్చేరి గ్రామాలు, తమిళనాడు గ్రామాలు చదరంగపు గళ్లవలె కలిసి ఉంటవి. ఒక ప్రభుత్వం తన జాలరుల కోసం సముద్రంలోకి అడ్డంగా రాతి కట్ట వేస్తుంది. తమిళ జాలరులు దానిని ‘తూండిల్ వళైవు’, అంటే గాలపు వంపు, అంటారు. ఆ కట్టకు దక్షిణాన ఉన్న ఊరు బాగుపడుతుంది, ఉత్తరాన ఉన్న ఊరు కోసుకుపోతుంది. ఆ ఉత్తరపు ఊరు తరచుగా రెండవ ప్రభుత్వానిదై ఉంటుంది. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను వచ్చినప్పుడు తమిళనాడుకు చెందిన బొమ్మయార్‌పాళయంలోను, పుదుచ్చేరికి చెందిన పిళ్లైచావడిలోను ఇండ్లు సముద్రం పాలైనవి. ఏ ఇంటి నష్టం ఏ ప్రభుత్వపు పద్దులోకి వచ్చినా, పోయినది ఒకే తీరం.

ఈ నిరాశామయ చరిత్రలో ఒక మంచి అధ్యాయం 2018లో వచ్చింది. ‘పాండీక్యాన్’ అనే స్థానిక పౌరసంస్థ చాలాకాలంగా పోరుతూ వచ్చిన విషయాన్ని కేంద్రం చెవిని పెట్టింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎం.వి. రమణమూర్తి సారథ్యంలోని తీర పరిశోధనా కేంద్రం కలిసి ఒక పథకం వేసినవి. సచివాలయానికి ఎదురుగా సముద్రంలో త్రికోణాకారపు ఉక్కు పెట్టెను, సుమారు 900 టన్నుల బరువు గలదానిని, ముంచి రాళ్లతో బిగించారు. పైకి అది కనిపించదు. కాని వచ్చే అల దాని మీద విరిగి సగం బలం కోల్పోయి ఒడ్డు చేరుతుంది. వెనుక ప్రశాంతమైన నీటిలో ఇసుక దిగుతుంది. దానికి తోడు రేవులో తోడిన ఇసుకను తెచ్చి అక్కడ పోశారు. కొద్ది నెలలలోనే రాళ్ల ముందు ఇసుక తేలింది. ఒక తరం పిల్లలు తమ ఊరి బీచిని మొదటిసారిగా తొక్కారు.

దీనిని వాతావరణ మార్పుకు సమాధానమనవచ్చునా అని కొందరు పండితులు సందేహిస్తారు. రేవు చేసిన గాయానికి, భూతాపానికి సంబంధమేమని వారి వాదం. సంబంధం ఉన్నది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని, ఇటీవలి దశాబ్దాలలో ఆ వేగం హెచ్చిందని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం తేల్చింది. ఇసుక ఉన్న తీరం పెరిగే నీటితోపాటు కొంత తాను సర్దుకొంటుంది. ఇసుక కరవైన తీరానికి ఆ శక్తి లేదు. ప్యారిస్‌లోను, గ్లాస్గోలోను ఏ ఒప్పందం కుదిరినా సముద్రం రేపే తగ్గిపోదు. కట్టను మనమే కట్టాము గనుక, ఆగిన ఇసుకను తరలించడమన్నా మన చేతిలో ఉన్నది.

అక్కడే చిక్కు వచ్చింది. ఉక్కు పెట్టెను ముంచడం ఒకసారి చేసే పని. దానికి శంకుస్థాపన ఉంటుంది, ఛాయాచిత్రాలుంటవి, ఒక కేంద్ర మంత్రిత్వశాఖ సాఫల్యాల జాబితాలో ఒక పంక్తి ఉంటుంది. ఇసుకను తోడిపోయడం ప్రతి సంవత్సరం చేయవలసిన పని. దానికి ప్రారంభోత్సవం లేదు. పోసే ఇసుక తగ్గినప్పుడల్లా తేలిన ఒడ్డు సన్నబడుతుంది. మరొక వైపు, తేంగాయ్‌తిట్టు చేపలరేవు ముఖద్వారం ఇసుకతో పూడిపోతున్నదని, పడవలు తిరగబడుతున్నవని మత్స్యకారులు ఏళ్ల తరబడి మొరపెట్టుకొంటున్నారు. అంటే రేవు వద్ద ఎవరికీ అక్కరలేని ఇసుక, కొద్ది కిలోమీటర్ల దూరంలో అందరూ కోరే ఇసుక ఒకటే! ఈ రెండు మొరలకు మధ్య కావలసినది ఒక గొట్టం, ఒక పంపు, ఏటేటా చెల్లింపు.

ఆ చెల్లింపు ఎవరు చేయవలె? నీటిలో మునిగిన ఉక్కు పెట్టె పృథ్వీ విజ్ఞాన శాఖ వ్యవహారం. రేవులో పూడిక తీయడం పుదుచ్చేరి ప్రభుత్వపు ఓడరేవుల శాఖది. తీర నియంత్రణ అనుమతులు పర్యావరణ శాఖవి. పుదుచ్చేరికి వచ్చే కేంద్ర గ్రాంటు హోం శాఖ ద్వారా రావలె. పక్క ఊరి రాతి కట్ట తమిళనాడుది. ఒక్క ఇసుక రేణువు అరియాంకుప్పం నుండి కోటకుప్పం చేరేలోగా ఇన్ని కార్యాలయాల గుమ్మాలు తొక్కవలసి ఉన్నది. రాష్ట్రాలకు ఆర్థిక సంఘం ఉన్నది. కేంద్రపాలిత ప్రాంతాలు దాని పరిధిలోకి రావు. శాసనసభ ఉన్నా, ముఖ్యమంత్రి ఉన్నా, పుదుచ్చేరి ఏటేటా బడ్జెట్టుకు ముందు ఢిల్లీ వచ్చి చేయి చాచవలసినదే. ఏ పార్టీ ముఖ్యమంత్రి ఉన్నప్పటికీ ఈ ఫిర్యాదు మారలేదు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోతవల్ల నిర్వాసితులైనవారి పునరావాసానికి 1,000 కోట్లు సిఫారసు చేసింది. దేశమంతటి నదులకు, సముద్రాలకు కలిపి ఆ మొత్తం.

1981లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ వ్రాస్తూ, పోటునీటి గీత నుండి అయిదు వందల మీటర్ల వరకు తీరాన్ని ఖాళీగా ఉంచమన్నారు. 1991 నాటి తీర నియంత్రణ ప్రకటనకు మూలం అదే. ఆ తరువాత 2011లోను, 2019లోను కొత్త ప్రకటనలు వచ్చినవి. భూమి మీద ఎన్ని మీటర్లు విడువవలె అన్నదాని మీదనే ఎప్పుడూ వాదమంతా. సముద్రంలో కదిలే ఇసుక ఎవరిదన్న ప్రశ్నకు ఆ వాదంలో చోటు చిక్కలేదు.

పుదుచ్చేరికి నీటి బెడద తూర్పు నుండే కాదు, ఆకాశం నుండి కూడా వస్తున్నది. 2024 నవంబరు 30న ఫెంజల్ తుపాను తీరం దాటినప్పుడు ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. రెయిన్‌బో నగర్, కృష్ణా నగర్ వంటి పేటలు మునిగినవి, సైన్యాన్ని పిలవవలసి వచ్చింది. ఆ ప్రాంతంలో ఊసుడు, బాహూరు వంటి పెద్ద చెరువులు, వాటి గొలుసులో చిన్న చెరువులు ఎన్నో ఉన్నవి. ఫ్రెంచివారి ఏలుబడిలో రైతుల సంఘాలు ఉమ్మడి నిధితో వాటిని బాగుచేసుకొనేవి. బోరుబావులు వచ్చిన తరువాత చెరువును మరచిపోయారు. భూగర్భజలం దిగిన కొద్దీ సముద్రతీరంలోని బావులకు ఉప్పునీరు ఎక్కింది. చెరువు పూడిక, రేవు పూడిక వేరువేరు శాఖల పనులే గాని, వాయిదా పడే తీరు ఒకటే.

మన సంగతికి వస్తే, యానాంకు గౌతమి ఒడ్డున మడ అడవులు అండగా ఉన్నవి. 1996 నవంబరు తుపానును చూచినవారికి వాటి విలువ చెప్పనక్కరలేదు. ఉప్పాడకు ఆ అదృష్టం లేదు. కాకినాడ నుండి ఉప్పాడ వెళ్లే బీచి రోడ్డు ప్రతి తుపానుకూ తెగుతుంది, ప్రతి తుపాను తరువాతా వేస్తారు. ఇసుక నింపిన పెద్ద సంచుల గోడ కూడా వేసి చూశారు. సముద్రం దానినీ చించివేసింది. గోదావరి తెచ్చే ఒండ్రు ఆనకట్టల వెనుక ఆగిపోతున్నప్పుడు ఒడ్డున ఎన్ని సంచులు పేర్చినా ఎంతకాలం?

విశాఖపట్నంలో మాత్రం వేరొక ఆచారం ఉన్నది. రేవు వద్ద పేరుకొన్న ఇసుకను తోడి రామకృష్ణా బీచికి పంపు చేస్తుంటారు. ఒక సంవత్సరం అది సరిగా జరగకపోతే బీచిలో ఆ లోటు కనిపిస్తుంది. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే ఉన్నది. అనుభవం కోసం హాలెండు వరకు వెళ్లనక్కరలేదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, ఆంధ్ర తీరంలో రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటలలో రేవులు, జువ్వలదిన్నె, నిజాంపట్నం, ఉప్పాడలలో చేపల రేవులు చేపట్టారు. అన్నిటికీ బ్రేక్‌వాటర్లున్నవి. అన్నిటికీ ఉత్తరాన ఊళ్లున్నవి. మత్స్యకారులకు రేవులు కావలె, అందులో రెండవ మాట లేదు. ఒక్కొక్క రేవు వద్ద ఏటా ఎంత ఇసుక ఆగుతుందని లెక్క వేశారో, దానిని ఉత్తరానికి చేరవేయడానికి ఏ పద్దు క్రింద, ఎన్ని సంవత్సరాలకు, ఎంత ధనం కేటాయించారో తెలుపవలసిందిగా శాసనసభలో ఒక సభ్యుడు నక్షత్రపు గుర్తు గల ప్రశ్న వేస్తే చాలు. ఆ జవాబులో అంకెలున్నవో, ‘పరిశీలనలో ఉన్నది’ అన్న రెండు మాటలే ఉన్నవో కోన పాపపేట, ఉప్పాడ ప్రజలు తామే చదువుకొంటారు.