ముల్కీ: ఒక ఉర్దూ మాట, రెండు కొట్లాటలు

ముల్క్ అంటే దేశం, నేల. ముల్కీ అంటే ఆ నేలకు చెందిన మనిషి. తెలంగాణ ఉద్యమం వందేళ్లకు ముందునుంచి మోసుకొచ్చిన మాట ఇదే. తెలుగువాళ్ల రాష్ట్రానికి పునాది వేసిన మాట ఉర్దూది కావడం చాలామంది మర్చిపోయిన సంగతి.

అస్తిత్వ పోరాటం అనగానే ప్రపంచంలో ఎక్కువగా వినిపించే పేరు కెనడాలోని క్యూబెక్. అక్కడ మెజారిటీ ఫ్రెంచ్ మాట్లాడతారు, చుట్టూ అంతా ఇంగ్లిష్. ఫ్రెంచ్‌ను కాపాడుకోవడానికి 1977లో గట్టి చట్టం చేసుకున్నారు. సార్వభౌమ దేశం కావాలా అని 1980లో, మళ్లీ 1995లో ఓటు పెట్టారు. రెండోసారి వద్దన్నవాళ్లు 50.58 శాతం, అంటే వెంట్రుకవాసి తేడా. తెలంగాణ అడిగింది వేరే దేశం కాదు, దేశంలోనే వేరే రాష్ట్రం. ఇంకో పెద్ద తేడా కూడా ఉంది. క్యూబెక్‌లో గీత భాష దగ్గర పడింది. హైదరాబాద్‌లో కొట్లాట రెండుసార్లూ ఒకే భాష మాట్లాడేవాళ్ల మధ్యే జరిగింది.

మొదటిది ఉర్దూవాళ్ల మధ్య. 1880లలో నిజాం సర్కారు ఫార్సీని పక్కనబెట్టి ఉర్దూను అధికార భాష చేసింది. ఆఫీసులు నడపడానికి ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లను రప్పించారు. పెద్ద నౌకరీలు వాళ్లకే దక్కుతున్నాయని ఇక్కడి దక్కనీ ముస్లింలు, హిందువులు ఇద్దరూ మండిపడ్డారు. భాష ఒకటైతే ఏం, ఊరు వేరు కదా! ఆ ఒత్తిడి ఫలితమే 1919 నాటి ఏడో నిజాం ఫర్మానా. సర్కారీ నౌకరీకి ముల్కీ అయి ఉండాలి, బయటినుంచి వచ్చినవాళ్లయితే పదిహేనేళ్లు ఇక్కడ కాపురం ఉండాలి.

రెండోది తెలుగువాళ్ల మధ్య. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత మద్రాసు రాష్ట్రం నుంచి ఇంగ్లిష్ వచ్చిన ఉద్యోగులు దిగారు. 1918లో ఏర్పడి ఉర్దూలో పాఠాలు చెప్పిన ఉస్మానియా యూనివర్సిటీ ఇంగ్లిష్‌కు మారింది. తెలంగాణ తెలుగు పిల్లలూ ఉర్దూలోనే చదివారు కాబట్టి దెబ్బ అందరికీ తగిలింది. పాతబస్తీ వాళ్లకు మాత్రం ఉద్యోగంతోపాటు చదువుకున్న భాషకున్న విలువ కూడా పోయింది. 1952 సెప్టెంబర్‌లో "గైర్ ముల్కీ గో బ్యాక్" అంటూ విద్యార్థులు రోడ్డెక్కారు. మూసీ ఒడ్డున సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు సర్కారు జస్టిస్ జగన్మోహన్ రెడ్డితో విచారణ వేసింది.

1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచమంది. అయినా 1956లో ఆంధ్రతో కలిపారు. కలిపే ముందు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో ఉర్దూకూ ఒక షరతు ఉంది: పాలనలో, కోర్టుల్లో దాని స్థానం ఐదేళ్లపాటు అలాగే ఉండాలి, తర్వాత మళ్లీ చూద్దాం అని. తరతరాలుగా కచేరీలు నడిపిన భాషకు కిరాయి ఇల్లులా గడువు పెట్టారు!

ఒప్పందం అమలు కాలేదన్న కోపమే 1969 ఉద్యమం. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే అటు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. మరుసటి ఏడాది రాజ్యాంగాన్ని సవరించి 371డి తెచ్చారు, ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. మాట పోయింది గానీ లొల్లి పోలేదు.

మలి ఉద్యమంలో పాతబస్తీ తటపటాయించింది. శ్రీకృష్ణ కమిటీ ముందు మజ్లిస్ మొదట సమైక్య రాష్ట్రమే అంది, విడదీయాల్సి వస్తే రాయలసీమతో కలిపి ఇవ్వమంది. చిన్న రాష్ట్రంలో మతతత్వ రాజకీయం బలపడుతుందన్న భయం దాని వెనక ఉంది. ఇంకోవైపు తెలంగాణ కోసం నిలబడ్డ ముస్లింలూ తక్కువేం కాదు.

2014లో రాష్ట్రం వచ్చింది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు. హైదరాబాద్ జిల్లాలో 2011 లెక్కల ప్రకారం తెలుగు, ఉర్దూ మాట్లాడేవాళ్లు దాదాపు సమానం కాబట్టి ఇది దయ కాదు, హక్కు. అయితే ఉర్దూలో అర్జీ ఇస్తే ఉర్దూలో జవాబు వచ్చినప్పుడే ఆ హక్కు చేతికందినట్టు.

ఇక ఈరోజు ముల్కీ ఎవరు? 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత స్థానికత తేల్చేది ముఖ్యంగా ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన బడి బోనఫైడ్ కాగితం. నాలుగు తరాలుగా చార్మినార్ నీడలో ఉన్న ఇంటి పిల్లవాడైనా అంతే. మదర్సాలో చదివి నేరుగా ఓపెన్ స్కూల్‌లో పది పాసైతే నివాస ధ్రువపత్రం కోసం తహసీల్దార్ ఆఫీసుకు పోవాల్సి వస్తుంది. నోటిఫికేషన్ పడ్డాక ఉరికితే ఆలస్యమే. ఆ కాగితాలు ముందే తెచ్చిపెట్టుకోవాలి.