కొంకర్లు పోయే వ్రేళ్ళు - కాల్షియం సమతౌల్యం

కొన్నేళ్ళ క్రితం నలుబదేండ్ల గృహిణి ఒకామె నా వద్దకు వచ్చినది. పెదవుల చుట్టూ చీమలు ప్రాకినట్లుండుట, చేతివ్రేళ్ళు కొంకర్లు పోవుట, రాత్రివేళ పిక్కలు పట్టివేయుట ఆమె బాధలు. నాడిలో వాతోద్రేకం స్పష్టముగా కనిపించినది. వాతహర కషాయం వ్రాయబోతూ తలయెత్తి చూడగా ఆమె మెడమీద సన్నని అడ్డగీత కంటబడినది. అడుగగా, ఆరు నెలల క్రితం గళగండానికి శస్త్రచికిత్స జరిగినదని చెప్పినది.

"అప్పుడిచ్చిన మాత్రలు వాడుతున్నావా అమ్మా?" అన్నాను.

"అవి ఎముకల బలానికే కదండీ! రెండుపూటలా పాలు త్రాగుతున్నాను, అందుకని మానేశాను" అన్నది.

వ్రాయబోయిన చీటీ ప్రక్కన పెట్టి వెంటనే రక్తపరీక్షకు పంపితిని. కాల్షియం 6.2 మిల్లీగ్రాములే ఉన్నది. 100 మి.లీ. రక్తద్రవంలో సుమారు 8.5 నుండి 10.5 వరకు ఉండవలెను. ఇంకొంత ఆలస్యమైన మూర్ఛ వచ్చెడిది. అదేరోజు ఆమెను ఆసుపత్రిలో చేర్పించినారు.

ఈ గ్రంథులు చేయు పని

థైరాయిడ్ గ్రంథి వెనుక సాధారణంగా నాలుగు చిన్న గ్రంథులు, ఒక్కొక్కటి బియ్యపుగింజ పరిమాణంలో ఉంటాయి. వీటినే పారాథైరాయిడ్ గ్రంథులంటారు. మానవ శరీరంలో వీటిని 1880లో స్వీడన్ దేశపు ఇవార్ శాండ్‌స్ట్రామ్ వర్ణించినాడు. మన సంహితలలో వీటి ప్రస్తావన లేదు. లక్షణాలు మాత్రం ఆక్షేపకాది వాతవ్యాధులను పోలి ఉండుటచేత వైద్యుడు పొరబడుటకు అవకాశం ఎక్కువ.

శరీరంలోని కాల్షియంలో నూటికి 99 పాళ్ళు ఎముకలలోనూ దంతాలలోనూ ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క పాలుతోనే నరములు, కండరములు, గుండె సక్రమంగా పనిచేస్తాయి. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు ఈ గ్రంథుల స్రావం ఎముకలనుండి దానిని తెప్పిస్తుంది. మూత్రంలో పోకుండా ఆపుతుంది. మూత్రపిండాలచేత విటమిన్ డిని చురుకైన రూపానికి మార్పించి, ప్రేగులు కాల్షియంను గ్రహించునట్లు చేస్తుంది. ఎక్కువైన భాస్వరాన్ని వెలుపలికి పంపుతుంది. మెడకు జరిగిన శస్త్రచికిత్సలో ఇవి దెబ్బతినుట ఈ వ్యాధికి ముఖ్యకారణం.

పాలు, రాగులు చాలవా?

చాలవు. 100 మి.లీ. ఆవుపాలలో సుమారు 120 మి.గ్రా. కాల్షియం ఉన్నప్పటికీ భాస్వరం కూడా అధికమే. రాగులు శ్రేష్ఠమైన ధాన్యమే, కాని స్రావం లోపించినచో ప్రేగులు తగినంత కాల్షియంను గ్రహించలేవు. పాలకూరలోని కాల్షియం ఆక్సలేట్‌తో బంధింపబడి ఉండుటచేత అంతగా వంటబట్టదు. ఇవన్నియు ఆహారమే గాని, మాత్రలకు బదులు కావు.

ఎక్కువైనా ముప్పే

ఈ రోగులలో మూత్రపిండాలు కాల్షియంను నిలుపలేవు. కావున అధికంగా ఇచ్చినది మూత్రంలో చేరి రాళ్ళకు, మూత్రపిండాల క్షీణతకు దారితీస్తుంది. అందుచేతనే వైద్యులు కాల్షియంను సాధారణ పరిమితికి అడుగు అంచున గాని, దానికి కాస్త దిగువన గాని నిలుపుతారు. అతిదాహం, అతిమూత్రం, మలబద్ధకం, వికారం కలిగినచో కాల్షియం మించినదేమోనని అనుమానించవలెను.

శంఖ, ప్రవాళ, శుక్తి, వరాటికా భస్మాలలో ప్రధానంగా ఉండునది కాల్షియం కార్బొనేటే. తాంబూలపు సున్నం కూడ కాల్షియమే. వైద్యునికి తెలియజేయక వీటిని సేవించినచో లెక్క తప్పుతుంది. ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను.

ఇంటిలో పాటింపవలసినవి

1. కాల్షియం కార్బొనేట్ మాత్రలను వైద్యుడు చెప్పిన మోతాదులో, విడతలుగా, భోజనంతో పాటు వేసుకొనవలెను. థైరాయిడ్ మాత్రకు, వీటికి నడుమ 4 గంటల వ్యవధి ఉండవలెను. ఇనుము మాత్రలను కూడ వేరు వేళలలో వేసుకొనవలెను.

2. వైద్యుడు వ్రాసిన కాల్సిట్రియాల్ వంటి చురుకైన విటమిన్ డిని మానరాదు. వారానికొకసారి వాడే సాధారణ విటమిన్ డి దీనికి ప్రత్యామ్నాయం కాదు.

3. ఉప్పు మితంగా వాడవలెను. ఉప్పు ఎక్కువైనచో మూత్రంలో కాల్షియం అధికంగా పోతుంది. భాస్వరికామ్లం కలిసిన కోలా పానీయాలు తగవు. మంచినీరు సమృద్ధిగా త్రాగవలెను.

4. వాంతులు, విరేచనాలు పట్టుకొన్ననాడు మాత్రలు ఒంటబట్టవు, మెగ్నీషియం కూడ తగ్గుతుంది. వెంటనే వైద్యుని సంప్రదించవలెను.

5. గర్భిణులకు, బాలింతలకు మోతాదు మారుతుంది. రక్తపరీక్షలను వాయిదా వేయరాదు.

గొంతు బిగిసి ఊపిరాడకపోవుట, మూర్ఛ వచ్చుట కనిపించినచో గృహవైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి చేర్చవలెను. అక్కడ రక్తనాళం ద్వారా కాల్షియం ఇస్తారు.

ఆ గృహిణి ఇప్పుడు కుశలమే. మూడు పూటలకు మూడు గడులున్న చిన్న పెట్టెలో మాత్రలు సర్దుకొని వంటింటి అలమారలో పోపులపెట్టె ప్రక్కనే ఉంచుకొన్నది. నేనైతే ఆనాటినుండి వ్రేళ్ళ తిమ్మిరితో ఎవరు వచ్చినా, నాడి పట్టుకొనుటకు ముందే మెడవైపు చూస్తున్నాను.