రోగి మంచము ప్రక్క నవలారచన

అనంతపుర పీఠభూమిలో సేద్యము చేయువారికి 'పదును' అను మాట ప్రాణముతో సమానము. సాలునకు సగటున 55 సెంటీమీటర్ల వాన మాత్రమే కురియు నేల యిది. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున వ్యయమైపోగా మిగిలిన కొలదియే ఇచ్చటికి చేరును. కనుక రైతు పంచాంగమును నమ్ముకొని విత్తుటకు వీలులేదు. వాన ఎప్పుడు పడునో తెలియదు. పడినను, ఎఱ్ఱనేలలోని ఆ తడి ఎన్నో దినములు నిలువదు. అది ఆరకమునుపే గొర్రు కట్టవలెను. అందుచేత తెలిసిన రైతు మబ్బు కనబడకముందే వేరుసెనగ కాయలు ఒలిపించి, గొర్రు బాగుచేయించి, ఎద్దులను మేపుకొని కాచుకొని యుండును. పదునైన నాడు విత్తనము వెదకుకొనువానికి ఆ యేడు పంట లేదు.

సంసారమును మోయుచు, ఇంట ఒక రోగిని కనిపెట్టుకొని యుండి, నవల వ్రాయదలచినవాని స్థితియు ఇట్టిదే.

పద్యమును నడచుచు కట్టవచ్చును. కథానికను రెండు మూడు రాత్రులలో ముగింపవచ్చును. నవల నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి రచయిత మనస్సులో కాపురముండును. పాత్రల వయస్సులు, చుట్టరికములు, వారు పలికిన మాటలు, పలుకక దాచిన మాటలు అన్నియు గుర్తుండవలెను. పది దినములు విడిచిపెట్టినచో అల్లుచున్న దారము తెగిపోవును. ఇట్లు అఖండమైన కాలమును కోరు ప్రక్రియ, తునకలు తునకలుగా మాత్రమే కాలము దొరకు ఇంటిలో ఎట్లు సాగును? ఇదియే నేటి మన విచారము.

ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ ప్రశ్న దూరమైనది కాదు. సీమలో కలము పట్టినవారిలో పంతుళ్లు పెక్కుమంది. కరవు రైతు బ్రతుకును కథలుగా మలచిన సింగమనేని నారాయణ (1943-2021) తెలుగు ఉపాధ్యాయుడు. 18వ శతాబ్దపు సీమ జీవితమును 'శప్తభూమి' నవలగా వ్రాసి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమునకు పాత్రులైన బండి నారాయణస్వామియు ఉపాధ్యాయ వృత్తిలో నుండినవారే. ఇట్టి వృత్తిలోనున్న ఒక వ్యక్తిని ఊహించుకొందము. పగలంతయు బడి; సాయంకాలము బిడ్డల చదువు, నీళ్ల బిందెలు; రాత్రి పక్షవాతముతో మంచము పట్టిన తల్లికి ప్రక్క మార్చుట, మందు త్రాగించుట. అన్నియు సద్దుమణగినపిమ్మట దీపము క్రింద కాగితము పెట్టుకొనగనే లోపలి గదినుండి దగ్గు వినబడును. ఆ దగ్గునకు లేచి వెళ్లిన మనిషి తిరిగి వచ్చి కూర్చుండునప్పటికి వాక్యము మధ్యలో నిలిచిపోయి యుండును.

రోగిసేవ ఇట్లు ఇంటి పని యగుటలో మన ప్రాంతమునకు ఒక చరిత్ర కలదు. క్షయరోగము ప్రాణాంతకముగా నున్న దినములలో రోగిని ఇంటినుండి వేరుచేసి చికిత్సాలయమునకు పంపుటయే మార్గము. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము చికిత్సాలయము 1915లో ఏర్పడినది. దానికి తొలి వైద్యాధికారి డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్. మంచి గాలి, పుష్టినిచ్చు ఆహారము, నెలల తరబడి విశ్రాంతి, ఇవియే ఆనాటి ఔషధములు. అంత వ్యయమును, అంత ఎడబాటును భరింపగలిగిన కుటుంబములు ఎన్ని యుండును?

స్వాతంత్ర్యానంతరము ఈ స్థితి మారినది. 1956లో మద్రాసున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమును స్థాపించిరి. ఆ కేంద్రము 1959లో ప్రకటించిన ఫలితములు వైద్యలోకమును ఆశ్చర్యపరచినవి. ఇరుకైన పేదయింటిలో నుండియైనను క్రమము తప్పక మందు పుచ్చుకొన్న రోగి చికిత్సాలయములోని రోగితో ఇంచుమించు సమానముగా కోలుకొనుననియు, అందువలన ఇంటివారికి అదనముగా అంటు సోకదనియు తేలినది. అటుపిమ్మట 1961లో బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ జిల్లా స్థాయి క్షయ నివారణ పథకమునకు మాదిరిగా మన అనంతపురం జిల్లానే తీసుకొన్నది. ఇది గొప్ప మేలు. అయితే దీనికి మరియొక ముఖము కలదు. అంతవరకు చికిత్సాలయములోని దాదులు చేసిన పని యంతయు ఇంటి ఇల్లాలి చేతికి, కోడలి చేతికి, పెద్దబిడ్డ చేతికి వచ్చినది. ఇల్లే ఆసుపత్రి యైనది.

నేడు సాధారణముగా క్షయకు ఆరునెలల చికిత్స చాలును. కాని ఏండ్ల తరబడి సేవ కోరు జబ్బులు తగ్గలేదు. మూత్రపిండముల వ్యాధి, పక్షవాతము, భూగర్భజలములోని ఫ్లోరైడు వలన కీళ్లు బిగిసి వంగిపోవుట, ఇవి పీఠభూమి పల్లెలకు తెలియనివి కావు. 2022లో జిల్లా రెండుగా విడిపోయినను, బత్తలపల్లి ఆసుపత్రికో, బెంగుళూరునకో రోగిని వెంటబెట్టుకొని తెల్లవారుజామున బస్సెక్కువారి త్రోవ మారలేదు.

ఇట్టి ఇంటిలో నవల వ్రాయువానిని మొదట బాధించునది కాలాభావము కాదు, అపరాధ భావము. 'కన్నతల్లి మూల్గుచుండగా లేనివారి కష్టసుఖములను కల్పించుకొని కూర్చుండుట న్యాయమా?' అని మనస్సు అడుగును. కలము క్రింద పెట్టినచో, 'ఈ సంసారమునకే నా జీవితము తెల్లవారిపోవునా?' అని మరియొక మనస్సు అడుగును. ఈ రెండు ప్రశ్నల నడుమ నలిగినవారిలో మహారచయితలును గలరు.

రవీంద్రనాథ ఠాకూరు జీవితములో 1901, 1902, 1903 సంవత్సరములను పరికింపుడు. 1901 డిసెంబరులో శాంతినికేతనమున ఆయన పాఠశాల ప్రారంభించెను. అనగా ఆయనయు అప్పుడు బడిపంతులే. 'బంగదర్శన్' మాసపత్రిక సంపాదకత్వము ఆయనదే. అందులో 'చోఖేర్ బాలి' నవల నెలనెల ప్రకటితమగుచుండెను. పాఠశాల వంటయింటి భారమును మోసిన భార్య మృణాళినీదేవి 1902లో జబ్బుపడెను. ఆమెను కలకత్తాకు చేర్చి, జీతగత్తెలకు అప్పగింపక, తానే ప్రక్కన కూర్చుండి విసనకఱ్ఱతో విసరుచు రేయింబవళ్లు సేవచేసెనని ఆయన కుటుంబమువారు చెప్పుకొనిరి. నవల చివరి ప్రకరణములు ఆ దినములలోనే వెలువడినవి. 1902 నవంబరు 23న ఆమె మరణించెను. అంతలో రెండవ కుమార్తె రేణుకకు క్షయ సోకినది. బిడ్డను హజారీబాగునకు, అక్కడినుండి హిమాలయపు చల్లని గాలికై ఆల్మోరాకు తీసికొనిపోయెను. ఆ 1903లోనే 'నౌకాడుబి' నవల బంగదర్శనములో ప్రారంభమైనది. ఆల్మోరాలో తల్లి లేని బిడ్డలను ప్రక్కన పెట్టుకొని ఆయన వ్రాసిన పసివారి గీతములే 'శిశు' కావ్యమైనవి. ఆ యేడు సెప్టెంబరులో రేణుకయు దక్కలేదు.

ఠాకూరు సంపన్న గృహస్థు గదా, ఆయనతో మనకేమి పోలిక యని అనవచ్చును. నిజమే. ఆయనకు నీటిబిందె మోయు పని లేదు. కాని భార్య ప్రక్క విసనకఱ్ఱ పట్టుకొని కూర్చుండుటకు ధనము తోడ్పడదు. దుఃఖము ధనికుని యెడ చేయి వెనుకకు తీయదు. మనము గ్రహింపవలసినది ఆయన పద్ధతిని. ఆయన నవల నంతయు ఒక్కమారు వ్రాయుటకు కూర్చుండలేదు. ఈ నెలకు కావలసిన ప్రకరణమును ఈ నెల వ్రాసెను. పెద్దపనిని చిన్న గడువులుగా విభజించుకొనుట వలన సేవకును రచనకును చోటు దొరకినది. ఈ ఠాకూరే 1919లో మన పొరుగుననున్న మదనపల్లెకు వచ్చి, బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో విడిదిచేసి, 'జనగణమన' గీతమును ఆంగ్లమున అనువదించెను. ఆరోగ్యవరము ఆ యూరికి కూతవేటు దూరములోనే కలదు.

మన విశ్వనాథ సత్యనారాయణ గారి విషయము మరియొక తీరు. 'వేయిపడగలు' వంటి బృహన్నవలను ఆయన 29 దినములలో చెప్పగా తమ్ముడు వెంకటేశ్వర్లు వ్రాసెనని ప్రసిద్ధి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో ఆ నవలయు, అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'యు బహుమతిని పంచుకొన్నవి. 29 దినములను మాట వినగానే మనము ఆ వేగమును చూచి విస్తుపోవుదుము. కాని ఆ దినముల వెనుక నున్న సంవత్సరములను చూడవలెను. భార్య వరలక్ష్మమ్మగారి వియోగము ఆయనను ఎంత కలచివేసినదో 'వరలక్ష్మీ త్రిశతి' చెప్పుచున్నది. వేయిపడగలలో ధర్మారావు భార్య అరుంధతి మరణ ఘట్టము చదివినవారికి ఆ బాధ పుస్తకములలో నేర్చినది కాదని తెలియును. విత్తనము ఏండ్లుగా లోపల సిద్ధముగా నుండినది. పదును దొరకినప్పుడు 29 దినములలో విత్తుట ముగిసినది. వ్రాసిపెట్టుటకు ఇంటిలో ఒక తమ్ముడుండుట ఆయన భాగ్యము. కుటుంబము నవలకు ఆటంకమని మాత్రమే తలచువారు ఈ తమ్ముని జ్ఞప్తియందుంచుకొనవలెను.

స్త్రీల మాట యేమి? రోగిసేవలో మూడు పాళ్లు వారి పాలిటిదే. ఆంగ్ల నవలాకర్త్రి ఎలిజబెత్ గాస్కెల్ మాంచెస్టరు నగరములో ఒక మతబోధకుని భార్య, ఆడపిల్లల తల్లి. 1845లో ఏడాదియైన నిండని మగబిడ్డ జ్వరముతో పోయెను. కృశించుచున్న భార్యను చూచి, 'నవల వ్రాయుము' అని భర్తయే ప్రోత్సహించెను. అట్లు పుట్టిన 'మేరీ బార్టన్' 1848లో వెలువడినది. తన బిడ్డను గూర్చి ఆమె వ్రాయలేదు. మిల్లు కార్మికుల ఇండ్లలో ఆకలికిని జ్వరమునకును బలియగు బిడ్డలను గూర్చి వ్రాసినది. స్వీయ దుఃఖము ఇతరుల దుఃఖమును చూపు దీపమైనది. అయితే ఆ భర్త యొక్క మాట లేనిచో ఆ నవల యుండెడిదో కాదో! మన ఇండ్లలో ఎందరు కోడండ్రకు, ఎందరు కూతుండ్రకు, 'ఈ గంటసేపు అత్తగారిని నేను చూచెదను, నీవు పోయి వ్రాసికొనుము' అను మాట వినబడుచున్నది?

ఇక ఆచరణకు వత్తము. ఇంట రోగి యున్నప్పుడు నవలకు గడియారము నిర్ణయించుకొనుట వృథా. విత్తనమును సిద్ధము చేసికొనుట ముఖ్యము. మందుల చీటీ యున్న చోటనే ఒక చిన్న పుస్తకము నుంచుకొనవలెను. ఆసుపత్రి వరండాలో వేచియున్నప్పుడు, గంజి కాగుచున్నప్పుడు, పాత్ర తరువాత ఏమిచేయునో ఒక పంక్తి వ్రాసిపెట్టుకొన్న చాలును. లేవవలసి వచ్చినప్పుడు ప్రకరణమును పూర్తిచేయవలెనని పట్టుపట్టక, రానున్న వాక్యము తెలిసియుండగానే నిలుపవలెను. మరునాడు దొరకిన అరగంట అంతయు దారము వెదకుటలో గడిచిపోక, నేరుగా విత్తుటకు ఉపయోగపడును. రోజునకు ఒక్క పుట చొప్పున సాగినను సంవత్సరమునకు నవల తయారగును. వారమునకు రెండు పుటలైనచో మూడేండ్లు పట్టును. పట్టనిండు.

ఒక ధర్మమును మరువరాదు. రోగి మనకు కథావస్తువు కాడు. మందు త్రాగించుచు, 'ఈ మాట నవలకు పనికివచ్చును' అని తలచిన క్షణమున సేవకుడు తప్పుకొని వ్యాపారి లోనికి వచ్చును. చూచినది మరచిపోలేము, అది లోపల పండవలసినంత కాలము పండనిచ్చి, మనిషి గౌరవమునకు భంగము రాకుండ, మరియొక పేరుతో, మరియొక ముఖముతో బయటికి రానీయవలెను.

ఏమియు వ్రాయలేని నెలలు వచ్చును. జ్వరము తగ్గదు, అప్పు తీరదు, బిడ్డకు పరీక్షలు. అట్టి కాలమున పుస్తకమును మూసివేసి రోగి కడ కూర్చుండవలెను. ఇందులో సందేహింపదగినది లేదు. నవలను మరుసటి యేడు విత్తవచ్చును. కన్నతల్లి మరుసటి యేటికి ఆగకపోవచ్చును. బీడు పడిన చేను చచ్చినది కాదని ఈ నేలమీద పుట్టిన వారికెవ్వరికిని చెప్పనక్కరలేదు. ఒక యేడు విశ్రమించిన నేల తొలి వానకు ఎంత ఆత్రముగా నీరు పీల్చునో మనము చూచినదే.

ఈ వ్యాసము చదువుచున్న విద్యార్థులలో రేపటి నవలాకారులుందురు. వారి ఇండ్లలో మంచము పట్టిన తాతయో, అవ్వయో ఉండవచ్చును. మంచి రోజులు వచ్చినపిమ్మట వ్రాసెదమని వారు కూర్చుండరాదు. నిండు చెరువులు చూచిన పిమ్మట విత్తుదునన్నవాడు ఈ పీఠభూమిలో ఒక్క చాలైన విత్తి యుండడు. తాతగారికి మంచినీళ్లందించి వచ్చి, నిలిచిపోయిన ఆ వాక్యమును అందుకొనుడు. ఆ పూటకు దొరకిన పదును అంతే, దానిని పోనీయకుడు.