వార్తల్లో పదం: వోల్బాకియా

కీటకాల కణాల్లో సహజంగా బతికే బ్యాక్టీరియా ఇది. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమలో మాత్రం మామూలుగా ఉండదు. పండ్ల ఈగ నుంచి తీసి ఈ దోమలో ప్రవేశపెడితే, దాని ఒంట్లో డెంగీ వైరస్ సరిగా పెరగలేదు. ఈ బ్యాక్టీరియా తల్లి దోమ నుంచి పిల్లలకు వస్తుంది. వోల్బాకియా ఉన్న మగదోమ, లేని ఆడదోమతో జతకడితే ఆ గుడ్లు పొదగవు. అందుకే ఇలాంటి దోమలను కొన్నాళ్లు వదిలితే చాలు, ఆ తర్వాత వోల్బాకియా తనంతట తానే పాకుతుంది.

ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో ఇళ్ల ఆవరణల్లో చిన్న బకెట్లు పెట్టారు. లోపల నీళ్లు, వోల్బాకియా ఉన్న దోమల గుడ్లు, కాస్త మేత. రెండు వారాలకోసారి మార్చేవారు. నగరాన్ని 24 భాగాలు చేసి, 12 చోట్లే వదిలారు. 2021లో ఫలితాలు వచ్చాయి: అక్కడ డెంగీ 77 శాతం, ఆసుపత్రి చేరికలు 86 శాతం తగ్గాయి. రక్తపు ప్లేట్‌లెట్ల కోసం రాత్రంతా పరుగులు తీసిన కుటుంబాలకు ఈ అంకెల విలువ తెలుసు.

చిక్కు ఎండతోనే. వేడి పెరిగితే దోమలో వైరస్ త్వరగా ముదురుతుంది. పండ్ల ఈగ నుంచి తీసిన రకం వోల్బాకియా ఏమో సన్నగిల్లుతుంది. 2018 వడగాలుల్లో ఆస్ట్రేలియాలోని కెయిన్స్‌లో కొన్నాళ్లు అదే జరిగింది, తర్వాత కోలుకుంది. వేడిని మెరుగ్గా తట్టుకునే మరో రకాన్ని మలేషియా వాడుతోంది. పుదుచ్చేరిలోని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కేంద్రం 2022లో ఈ రెండు రకాల వోల్బాకియా ఉన్న దోమలనూ సిద్ధం చేసినట్టు ప్రకటించింది. మన మే నెల ఎండలకు ఏది నిలుస్తుందో తేల్చాకే వాటిని ఊళ్లలో వదలాలి.