మామిడి పురుగు, మందు కొట్టే మనిషి

కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు మామిడి పూతకొచ్చిందంటే తోటల్ల మందు కొట్టుడు మొదలైతది. పురుగుల మీద పుస్తకాలున్నయి, కరపత్రాలున్నయి. అవన్నీ 'రైతు సోదరులారా' అంటూ తోట యజమానితోనే మాట్లాడతాయి. పంపు మోసే కూలీ వాటిలో కనిపించడు. మా దిక్కు ఆ కూలీ తరచుగా భూమి లేని మాదిగ, మాల ఇంటి మనిషే. అందుకే పురుగు సంగతిని అతని వైపు నుంచి కూడా చూడాలి.

మామిడికి పెద్ద బెడద రెండు. తేనెమంచు పురుగు పూత రసం పీల్చి జిగురు విడుస్తుంది. పూత మాడి రాలిపోతుంది, జిగురు మీద నల్లటి మసి తెగులు పడుతుంది. పండు ఈగ ముదిరిన కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది. పురుగులు గుజ్జు తిని, రాలిన కాయలోంచి మట్టిలోకి పోయి, మళ్లీ ఈగలై లేస్తాయి. ముఖ్యంగా ఈ ఈగ కారణంగానే యూరోపియన్ యూనియన్ 2014 మే నుంచి మన మామిడి దిగుమతిని కొన్ని నెలలు ఆపేసింది. కాయలో పురుగుంటే దేశాల నడుమ చర్చ జరిగింది. కూలీ ఒంట్లో విషం పోతే ఊళ్లో పంచాయితీ కూడా జరగదు.

తోటల్లో వాడిన మందుల్లో డైమిథోయేట్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లున్నాయి. ఇవి పురుగు నరాల్లోని ఒక ఎంజైమును పని చేయనియ్యవు. అదే ఎంజైము మనిషి నరాల్లోనూ ఉంది. చెట్టు ఎత్తు కాబట్టి మందు పైకి కొట్టాలి. తుంపర కొట్టేవాని మీదనే పడుతుంది, చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో ఏపుగా పెరిగిన పత్తికి మందు కొట్టి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. మందు చల్లేవారికి రక్షణ దుస్తులుండాలని 1971 పురుగుమందుల నియమాలు చెబుతున్నాయి. మా దిక్కు కనిపించేది మూతికి కట్టిన తువ్వాల.

మందు తగ్గించే పద్ధతులు లేకపోలేదు. గుబురు కొమ్మలు కత్తిరించి గాలి, వెలుతురు ఆడనివ్వాలి. రాలిన కాయలు ఎప్పటికప్పుడు ఏరి లోతుగా పాతిపెట్టాలి. చెట్ల కింద దున్నితే మట్టిలోని పురుగు ఎండకు చస్తుంది. మిథైల్ యూజినాల్ ఎరలు మగ ఈగలను పట్టుకుంటాయి. తేనెమంచు పురుగు తక్కువగా ఉన్నప్పుడే వేపనూనె కొట్టాలి.

గమనించండి, వీటిలో ఎక్కువ భాగం కూలి పనులే. మందు డబ్బాకు పోయే పైసలు కూలీగా మారొచ్చు. అయితే కాయలేరుడు ఆడవాళ్ల పని అని కూలి తగ్గించినా, వెట్టి లెక్క చేయించుకున్నా ఒప్పుకోవద్దు.

సంఘాలు ఊరూరా అడగాల్సినవి ఇవి: మందు కొట్టే మనిషికి రక్షణ దుస్తులు, చేతి తొడుగులు, కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు. చెమటలు, నోట్లో నీళ్లూరుడు, చూపు మసకబారుడు, దమ్ము కనిపిస్తే పని ఆపి, బట్టలు విప్పి ఒళ్లు కడిగి, మందు డబ్బా మీది చీటీతో సహా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇయ్యగలడు. ఆ ఖర్చు తోట యజమానిదే కావాలి.